ఐదో నంబరు కౌంటరు

ఆ విశ్వవిద్యాలయంలో చదువు మధ్యలో మానేసేవాళ్లు దరఖాస్తు ఇవ్వాల్సింది ఐదో నంబరు కౌంటర్లో. పందొమ్మిదేళ్లుగా అక్కడ కూర్చుంటున్న గుమాస్తాకు విద్యార్థులు పెట్టిన పేరు రేపు మేడమ్. పక్క కౌంటర్లలో పని నిమిషాల్లో అయిపోతుంది. ఇక్కడ మాత్రం ఎప్పుడూ ఏదో ఒక వంక. ఫొటో మసగ్గా ఉంది, సంతకం గడి దాటింది, నల్ల సిరాతో రాయాలి. రేపు రండి.

సూపరింటెండెంటు మొహం మీదే అనేశాడు: "మీ టేబుల్ మీద కాయితం పెడితే పొదిగి పిల్లయ్యేదాకా కదలదండీ!"

ఆమె నవ్వి ఊరుకునేది. వెనక్కి పంపినవాళ్లలో సగం మంది మళ్లీ రారు. ఒక రాత్రి కంటినిండా నిద్రపోయి మనసు మార్చుకుని ఉంటారని ఆమె నమ్మకం. ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టి, గదిలో వెలుతురు చెరువు అడుగున ఉన్నట్టు పచ్చగా మారింది. ఫ్యాను గాలికి కాయితాలు మెల్లగా ఒళ్లు విరుచుకుంటున్నాయి. కిటికీ అవతల ఒకమ్మాయి నిలబడింది. ఆ అమ్మాయి దరఖాస్తులో వెతికినా తప్పు దొరకలేదు. కారణం దగ్గర మాత్రం 'సొంత విషయం' అని ఉంది.

"ఇది వివరంగా రాయాలి తల్లీ. రేపు..."

"రేపు రాను మేడమ్. ఇప్పటికి మూడుసార్లు తిప్పారు. ఒక్కసారైనా ఎందుకు మానేస్తున్నావని అడిగారా?"

గుమాస్తా దరఖాస్తు కింద పెట్టింది. మళ్లీ రానివాళ్లంతా క్లాసుకే వెళ్లారని ఎవరు చెప్పారు? ఎన్నో మొహాలు, ఒక్కదానికీ పేరు గుర్తు లేకుండా, ఆ పచ్చటి వెలుతురులో కిటికీ దాటి తేలిపోయాయి.

"ఎందుకమ్మా?" అంది.

"నిద్ర పట్టట్లేదు. నెలన్నరయింది. పాఠం చెప్తుంటే మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తాయి. అందరికీ అర్థమవుతోంది, నాకే కాట్లేదు."

"చచ్చిపోవాలనిపిస్తోందా? నిజం చెప్పు, నేనేం కంగారుపడను."

"లేదు మేడమ్. ఎక్కడైనా పడుకుని నిద్రపోతే చాలనిపిస్తుంది."

"ఇంట్లో తెలుసా?"

"అమ్మకి చెప్తే ఆవిడకీ నిద్రుండదు."

"దీనికి మందు నా దగ్గర లేదమ్మా. పైఅంతస్తులో కౌన్సెలర్ ఉంది, ఆవిడ పని ఇదే. పద, నేనూ వస్తాను."

కౌంటరు మీద 'భోజన విరామం' బోర్డు పెట్టింది. సూపరింటెండెంటు తలెత్తాడు. "మూడింటికి భోజనమేంటండీ?"

"నేనేది వేళకి చేశాను గనక!"

పైన కౌన్సెలర్ గది బయట బల్ల మీద కూర్చున్నారో లేదో, అమ్మాయి తల ఆమె భుజం మీదికి వాలిపోయింది. వాన మొదలైంది. కౌన్సెలర్ తలుపు తీసి చూసింది. "లేపనా?"

"పది నిమిషాలు ఆగండి," అని గుమాస్తా పెదవులతోనే చెప్పింది. ఆ పది కాస్తా నలభై అయ్యాయి. తర్వాత అమ్మాయి లోపలికి వెళ్లాక ఆ తలుపు మూసుకుని, సాయంత్రం అవుతుండగా తెరుచుకుంది.

"మానేయక్కర్లేదట మేడమ్, ఒక టర్ము సెలవు పెట్టొచ్చట. వారం వారం ఇక్కడికి రమ్మన్నారు. అమ్మకి ఆవిడే ఫోన్ చేసిచ్చారు, మాట్లాడాను. సెలవు కాయితం మీ దగ్గరే కదా?"

"కాదమ్మా, రెండో నంబరులో."

రెండో నంబరు కిటికీ దగ్గర బారు ఉంది. గుమాస్తా అమ్మాయిని ముందు నిలబెట్టి తను వెనక నిలబడింది. వాళ్లకి ముందు ఇంకా నలుగురున్నారు.