మెరుపుదొర ఎవరి బొమ్మ?

ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆవిణ్ణి పిల్లలు ఎముకలమ్మ అనేవాళ్ళు. పిల్లలు పెట్టిన పేరే పెద్దలకీ అలవాటై, చివరికి పెద్ద డాక్టరు కూడా "ఎముకలమ్మ ఉందా, టీకి వెళ్ళిందా" అని అడిగేదాకా వచ్చింది. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. చర్మం, చొక్కా, దబాయింపు పక్కన పెడితే మనిషి లోపల ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. విరిగితే విరిగింది, లేకపోతే లేదు, ఇందులో తికమకేముంది అని ఆవిడ ధీమా. ఆ ధీమాకి ఒక అట్టపెట్టె గండి కొట్టింది.

పెట్టె తెచ్చినవాడు ఆవిడ మరిది. అతనిది పాత సామాన్ల కొట్టు. నడవని గడియారాలన్నా, మూడు కాళ్ళ కుర్చీలన్నా అతనికి ప్రాణం. ఊరి గ్రంథాలయంలో పాత ఆటబొమ్మల ప్రదర్శన పెడుతున్నారు. పెట్టెల మీది బొమ్మలు ఏ కామిక్స్ పుస్తకంలోంచి వచ్చాయో కనిపెట్టి, ఒక్కో పెట్టె కింద చీటీ రాసిపెట్టే పని అతనికి అప్పగించారు. మిగతావన్నీ తేలాయి గానీ ఒక్కటి మాత్రం కొరకరాని కొయ్యై కూర్చుంది. అది నీలం పెట్టె. దాని మీద మెరుపుదొర, ఒకప్పుడు పిల్లలు ఎగబడి చదివిన కామిక్స్ వీరుడు, ఎర్ర కేప్ రెపరెపలాడుతుండగా పిడికిలి ముందుకు చాచి మేడల మీదుగా దూసుకుపోతున్నాడు. లోపల ఉండాల్సిన కీ బొమ్మ ఎప్పుడో పోయింది.

"వదినా, నీ కళ్ళు చురుకు కదా, కాస్త చూసిపెట్టు," అని మరిది ఆ పెట్టెను భోజనాల బల్ల మీద పెట్టాడు.

అప్పుడే చేతులు కడుక్కుని వస్తున్న పెద్దాయన అక్కడ ఆగాడు. ఆయన ఎముకలమ్మ తండ్రి, వాళ్ళ దగ్గరే ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు అట్టపెట్టెలు అచ్చువేసే ప్రెస్సులో రంగులు కలిపేవాడు.

"ఆ బొమ్మ నాదే," అన్నాడు.

"నీదేమిటి నాన్నా? నువ్వు రంగులు కలిపేవాడివి కదా."

"కలిపేవాణ్ణే. అయితే?"

"మరి బొమ్మ నీదంటావేం?"

"నాది కాబట్టి."

"ఇన్నేళ్ళూ చెప్పలేదే?"

"నువ్వు అడిగితేగా," అని ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మరిది పొంగిపోయాడు. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. మావయ్యగారు ఇంత చిత్రకారుడని ఎవరనుకున్నారు వదినా." ఎముకలమ్మకి ఆ రాత్రి మనసు తేలిపోయింది. మర్నాడు ఆసుపత్రిలో నర్సులకి చెప్పింది, మందుల కౌంటర్లో చెప్పింది, కాలు విరిగి వచ్చిన ఒక పెద్దమనిషికి అడక్కపోయినా చెప్పింది.

ఆ సంబరం వారం తిరక్కుండానే చప్పబడింది. మరిది ఒక పాత మెరుపుదొర కామిక్స్ పట్టుకొచ్చాడు. అందులో ఒక గడిలో దొర అదే ఎగురుడు, అదే పిడికిలి. "కాకపోతే వదినా, పెట్టె మీద కుడివైపు పోతున్నాడు, ఇక్కడ ఎడమవైపు. ఒకటే అనాలా, రెండు అనాలా?"

ఎముకలమ్మ దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక, ఎక్స్‌రే ఫిల్ములు చూసే లైటు పెట్టె వెలిగించి, రెండు బొమ్మల గీతలూ పల్చటి కాగితాల మీదికి దింపింది. ఒకదాని మీద ఒకటి పెడితే కుదర్లేదు. ఒకదాన్ని తిరగేసి పెట్టింది. ఫిల్ము తిరగబడితే కుడి ఎడమౌతుందని ఆవిడకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. తల, భుజం, చాచిన చెయ్యి గీతకి గీత అతికిపోయాయి. చిటికెన వేలు పిడికిట్లోకి పూర్తిగా ముడుచుకోకపోవడం కూడా రెండింట్లోనూ ఉంది. నడుము దాకా సరే. కాళ్ళు మాత్రం ఎటు తిప్పినా కలవలేదు.

నాన్న ఎవరిదో చూసి దింపి, కాళ్ళు మాత్రం సొంతంగా వేశాడన్నమాట అనుకుంది. నర్సులకి చెప్పకుండా ఉండాల్సింది.

ఆ కాళ్ళైనా దక్కలేదు. మరిది కొట్టులో కట్టలు విప్పి వెతగ్గా వెతగ్గా, ఇంకో పాత సంచికలో మేడ మీంచి తలకిందులుగా పడిపోతున్న దొంగ ఒకడు దొరికాడు. వాణ్ణి అడ్డంగా తిప్పి లైటు మీద పెడితే, ఆ కాళ్ళే ఈ కాళ్ళు. బూట్లు మార్చారంతే.

"అంటే మెరుపుదొర దొంగ కాళ్ళతో ఎగురుతున్నాడా?" అంది ఎముకలమ్మ.

"పడేవాడి కాళ్ళు పెట్టుకుని ఎగురుతున్నాడు," అన్నాడు మరిది దిగులుగా.

ఇద్దరూ వెళ్ళి పెద్దాయన్ని నిలదీశారు. ఆయన వాకిట్లో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

"నాన్నా, నిజం చెప్పు. ఆ కాళ్ళు ఎవరివి?"

"అవి నావి కావు," అన్నాడు ఆయన వెంటనే.

"మరి చెయ్యి?"

"చెయ్యి నాదే."

"పుస్తకంలోది చూసి వేశావా?"

"నేనెందుకు వేస్తానే? నాకు సున్నా చుట్టడం కూడా రాదు."

ఆవిడకి తల తిరిగింది. తొమ్మిదో తరగతి పిల్లాడు అబద్ధమాడితే ఒక పద్ధతి ఉంటుంది, ఈయన దానికీ అందడం లేదు. పెద్దతనం మతిని పట్టుకుందేమోనని లోలోపల భయం కూడా వేసింది. దానికి తోడు మరిది ఇంకో చిక్కు మోసుకొచ్చాడు. పెట్టె అడుగున అచ్చయిన సంవత్సరం ఉంది. చెయ్యి ఉన్న కామిక్స్ ఆ తర్వాతి సంవత్సరం వచ్చింది, కాళ్ళున్నది ముందటేడు వచ్చింది. అంటే పెట్టె కాళ్ళు పుస్తకంలోంచి తీసుకుంది, పుస్తకం చెయ్యి పెట్టె మీంచి తీసుకుంది. విత్తు ముందా చెట్టు ముందా అన్న తగవు కనీసం రెండింటి మధ్యే ఉంటుంది. ఇక్కడ మూడు తయారయ్యాయి.

"చీటీలో ఏం రాయను వదినా?"

"నాకేం తెలుసు? ఎముక విరిగితే అడుగు, చెప్తాను."

చివరికి పెద్దాయనే విసుక్కుని, "ఇంత రభస దేనికి? బ్లాకులాయన్ని అడగండి," అన్నాడు. అచ్చుకి కావలసిన బ్లాకులనే లోహపు పలకలు చేసిచ్చిన మనిషి ఆయన, పెద్దాయన పాత స్నేహితుడు. ఆదివారం తండ్రీకూతుళ్ళిద్దరూ బస్సెక్కి వెళ్ళారు. బ్లాకులాయన ఇరుకు వరండాలో గొంగళి కప్పుకుని రేడియో వింటున్నాడు. పెట్టె చూపించగానే రేడియో కట్టేసి నవ్వడం మొదలుపెట్టాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"వీడేనమ్మా మెరుపుదొర," అన్నాడు పెద్దాయన వైపు గడ్డం ఎత్తి.

"అంటే?"

"అంటే ఏమిటి, వీణ్ణి స్టూలు మీద బోర్లా పడుకోబెట్టి, చెయ్యి చాపమని, చూస్తూ వేసింది బొమ్మలేసే ఒకమ్మాయి. వీడప్పుడు సన్నగా, బాగుండేవాడులే. గది మరీ చిన్నది. కాళ్ళు చాపితే గోడకి కొట్టుకునేవి. లాభం లేదని ఆవిడ తను అంతకు ముందు కామిక్స్‌లో వేసిన దొంగ కాళ్ళే తెచ్చి అతికించుకుంది. పొద్దున కామిక్స్ వాళ్ళకి, సాయంత్రం పెట్టెల వాళ్ళకి వేసేది. మరుసటేడు పుస్తకానికి తొందరపెడితే, ఈ పై సగాన్నే నా చేత తిరగేయించి వాడుకుంది."

ఎముకలమ్మ తండ్రి వైపు తిరిగింది. ఆయన స్టూలు మీద కూర్చుని, ఏమీ ఎరగనట్టు వీధిలోకి చూస్తున్నాడు. ఒళ్ళో ఆయన కుడి చెయ్యి ఉంది. ఎప్పుడో ప్రెస్సు రోలర్ల మధ్య నలిగిన చిటికెన వేలు ఎప్పటిలాగే వంగకుండా నిలబడి ఉంది. ఆ వేలికి ఆవిడే స్వయంగా ఎక్స్‌రే తీసింది, ఒకసారి కాదు.

"నీ బొమ్మ అంటే నువ్వు వేసింది అనుకున్నాం నాన్నా."

"నా బొమ్మ అంటే నా బొమ్మే కదే. ఇంకెలా చెప్పాలి?"

ఆవిడకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. నర్సులకి ఇప్పుడు ఏమని చెప్పాలో అర్థం కాలేదు. తండ్రి చిత్రకారుడు కాడు. దొంగతనంగా దింపినవాడూ కాడు. నడుము దాకా మెరుపుదొర.

"ఇంతకీ ఆ వేసినావిడ పేరేంటి?" అని అడిగింది.

అక్కడ మళ్ళీ మొదలైంది. బ్లాకులాయన ఒక పేరు చెప్పాడు, పెద్దాయన అది ప్రెస్సు ఓనరు చెల్లెలి పేరన్నాడు. పొడుగ్గా ఉండేదని ఒకరు, పెద్దాయన భుజం దాకా కూడా రాదని ఒకరు. జడ వేసుకునేదని ఒకరు, జుట్టు కత్తిరించుకునేదని ఒకరు. అందరూ ఆవిణ్ణి 'కుంచె' అని పిలిచేవాళ్ళన్నది ఒక్కటే ఇద్దరికీ కుదిరింది. పెళ్ళయ్యాక కాలువ అవతల, టైర్ల కొట్టు వెనక వీధిలో ఉండేదని కూడా ఇద్దరూ ఒప్పుకున్నారు, కొంచెం దెబ్బలాడుకుని.

ప్రదర్శన మొదలైంది. మరిది నీలం పెట్టె కింద ఖాళీ చీటీ పెట్టాడు. "సగం తెలిసి రాసేకంటే రాయకపోవడమే మేలు వదినా," అన్నాడు. పెద్దాయన వెళ్ళి చూసొచ్చి, గ్రంథాలయంలో పంకాలు బాగున్నాయన్నాడు, అంతే.

ఎముకలమ్మకి మాత్రం ఆ ఖాళీ చీటీ పంట్లో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. సెలవు రోజు పెట్టె ఫొటో సంచిలో పెట్టుకుని కాలువ దాటి వెళ్ళింది. టైర్ల కొట్టు ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టయింది. వెనక వీధిలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. మొదటి తలుపు తట్టితే పొమ్మన్నారు, రెండో ఇంట్లో సబ్బులు అమ్మేదనుకున్నారు. మూడో తలుపు తెరిచినావిడ తెల్లజుట్టు మనిషి. పొడుగో పొట్టో చెప్పడానికి వీల్లేకుండా వంగిపోయి ఉంది.

"ఎవరు కావాలమ్మా?"

ఎముకలమ్మకి చెప్పడానికి పేరు లేదు. 'కుంచె' అనడానికి నోరు రాలేదు. సంచిలోంచి ఫొటో తీసి ఇచ్చింది. ఆవిడ దాన్ని వెలుతురు వైపు తిప్పి, ముందు దూరంగా పెట్టి, తర్వాత దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. ఆ మొహం చూసి ఏమీ తెలుసుకోవడం ఎముకలమ్మ వల్ల కాలేదు.

"లోపలికి రా. కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, వెతుక్కోనీ," అంది ఆవిడ, తలుపు పూర్తిగా తీసి.