మావయ్యకూ నాకూ తక్కువైన ప్రోటీన్

ఉద్యోగంలో చేరిన కొత్తలో లోకమంతా మన పని కోసమే ఎదురుచూస్తోందనిపిస్తుంది. విశాఖలో ఒక చర్మ పరిశోధన ల్యాబులో ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్‌ను గుర్తించడం నేర్చుకుంటున్నప్పుడు నాకూ అలాగే ఉండేది. చర్మ కణాలు అడుగున పుట్టి పైకొచ్చేసరికి చదునై గట్టి పొరగా మారతాయి. వాటి లోపలి పోగులను కట్టగట్టేది ఈ ఫిలాగ్రినే. ఆ తర్వాత తాను విరిగిపోయి చర్మంలో తేమ నిలుపుతుంది. (ఇదంతా ఫోన్లో అమ్మకు చెప్తే, "అన్నం తిన్నావేటి?" అంది.)

ఉద్దానంలో కొబ్బరితోటలున్న మా మావయ్యకు చిన్నప్పటినుంచీ చేతులూ కాళ్లూ చేప పొలుసుల్లా ఉండేవి. భోజనాల బంతిలో పక్కవాళ్లు విస్తరి కాస్త జరుపుకునేవారు. అందుకే నడివేసవిలోనూ ఆయనది ఫుల్ చేతుల చొక్కాయే. కూతురి పెళ్లి కుదిరాక, పీటల మీద చొక్కా లేకుండా కూర్చోవాల్సి వస్తుందని, తన బదులు తమ్ముణ్ణి కన్యాదానం చేయమన్నాడు. అత్త మొహం తిప్పుకుంది. ఆ పొలుసులకు కారణం ఫిలాగ్రిన్ తక్కువవడమేనేమోనని నేను టేపు చుట్టతో దిగాను. చర్మానికి అతికించి పీకితే పై పొర కొంచెం వస్తుంది, అందులో ప్రోటీన్ వెతకొచ్చు.

"ఏటి సేత్తన్నావే? నానేటి, పార్సిలా?" అన్నాడు మావయ్య.

"నొప్పుండదు మావయ్యా. ముందు నేనే అతికించుకుంటాను. నాది మంచి చర్మం కదా, నీదాన్ని దీంతో పోల్చాలి," అన్నాను, ఎంతో దర్జాగా. (ఆయన చేతిమీది వెంట్రుకల సంగతి నాకు తట్టలేదు. ఆయనకు తట్టింది.)

ల్యాబులో టేపులనుంచి ప్రోటీన్ తీసి, ఫిలాగ్రిన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేశాను. అది ఉన్నచోట నల్లగా గీత పడుతుంది. పోల్చడానికి ల్యాబులో తోటి అమ్మాయి ఇచ్చిన టేపుకు చిక్కటి గీత వచ్చింది. మావయ్యది కనీకనబడనట్టుంది. నాదీ అంతే. యాంటీబాడీని తిట్టుకుని మళ్లీ చేశాను. మళ్లీ అంతే. మా మేడమ్ నా అరచేయి తిప్పి చూసి, "ఇన్ని గీతలా? ఫిలాగ్రిన్ తక్కువైనవాళ్లకే ఇలా ఉంటాయి. చలికాలంలో కాళ్లు పగలవూ?" అంది. పగులుతాయి. సబ్బు మంచిది కాదనుకునేదాన్ని. తర్వాత ఇద్దరికీ చేయించిన జన్యు పరీక్షా, ఫిలాగ్రిన్ జన్యువులోనే లోపమని చెప్పింది.

మావయ్యకు ఫోన్ చేశాను. "ఇది అంటుకునేది కాదు మావయ్యా, వంశంలో వచ్చింది. నాకూ ఉంది."

"అయితే నీదీ మంచి సర్మం కాదేటే?" అని మెల్లగా నవ్వాడు.

టెక్కలిలో పెళ్లినాడు పీటల మీద ఆయనే కూర్చున్నాడు. వియ్యంకుడి చూపు తన చేతిమీద ఆగడం చూసి, "అంటుకోదు బావగారూ. మా ఇంటి సర్మమే ఇంత. పోటీను తక్కువ. అదిగో, ఆ సదూకున్న పిల్లకీ తక్కువే," అన్నాడు, మండపమంతా వినబడేలా. తలలన్నీ నావైపు తిరిగాయి. ఏం చేయాలో తోచక అందరికీ నమస్కారం పెట్టాను.

ఇప్పటికీ స్నానమయ్యాక క్రీము రాసుకుంటూ, "నాది మంచి చర్మం కదా" అన్న ఆనాటి నన్ను తలచుకుని నవ్వుకుంటాను. అంత నమ్మకంగా మళ్లీ ఎప్పుడూ, ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.