కందిపప్పుకు వచ్చిన తలనొప్పి

నా చిన్నప్పుడు, సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఎదురింటి డాబా మీద టవర్ లేచింది. నెల తిరక్కుండా నాకు తలనొప్పి పట్టుకుంది. కళ్ల వెనక పోటు, సాయంత్రానికి కడుపులో వికారం. తరంగాల వల్లేనని వీధంతా అంది, నేనూ నమ్మాను. అమ్మ టవర్ వైపు కిటికీ మూసి మందపాటి దుప్పటి కట్టింది. అయినా నొప్పి పెరిగేసరికి, ఏడో తరగతి మధ్యలోనే నన్ను గుంటూరులో పిన్ని దగ్గరికి పంపేయాలని నిశ్చయించుకుంది. నా బడికి, నా స్నేహితులకు దూరమైపోతానని వెక్కి వెక్కి ఏడ్చాను.

పక్కింటి అక్క మలక్‌పేట దవాఖానాలో నర్సు. ఆదివారం చర్చి నుంచి వచ్చి నా గోడంతా విన్నది, కానీ నవ్వలేదు. అందుకే ఆమె మాట విన్నాను.

"నొప్పి అబద్ధం గాదమ్మా. దొంగ ఎవలో జర చూద్దాం," అంది.

తన ఫోన్ పట్టేంత గుడ్డసంచి కుట్టి, రోజూ సాయంత్రం నేను చదువుకునే బల్ల మీద పెట్టేది. లోపల ఆన్‌లో ఉన్న ఫోనైనా ఉండొచ్చు, అంత బరువే ఉన్న కందిపప్పు పొట్లమైనా ఉండొచ్చు. ముట్టుకోకుండా గంటసేపు కూర్చుని, ఏది ఉందో, తల ఎంత నొచ్చిందో నేను రాయాలి. అసలే నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకాన్ని. తరంగాలను పట్టించి తీరతానని పది రోజులూ నిజాయితీగా రాశాను. చివరికి చూస్తే, నా తల పగిలిపోయిన సాయంత్రాల్లో ఎక్కువ కందిపప్పువే! సిగ్గుతో, కోపంతో నోటుబుక్కు విసిరికొట్టాను.

అక్క నన్ను మెయిన్ రోడ్డుకు తీసుకెళ్లి, "గా వచ్చే బస్సు ఏడికి పోతదో చదువు," అంది. 'ఎల్బీ నగర్' అన్న అక్షరాలు బస్సు మా ముందు ఆగేదాకా కనిపించలేదు. చూపు తగ్గిన కళ్లతో, మూసిన కిటికీ చీకట్లో, ముక్కు పుస్తకానికి ఆనించి చదువుతున్నానన్నమాట.

కళ్లజోడు వచ్చిన వారానికి నొప్పి పోయింది, గుంటూరు ప్రయాణమూ ఆగింది. దుప్పటి అమ్మే విప్పింది. కిటికీ తెరవగానే టవర్ మీద కాకి గూడు పుల్లలతో సహా కనిపించింది.

దాంతో టవర్ల సంగతంతా తేలిపోయిందని నేనెప్పుడూ అనలేదు. తేలింది నా తలనొప్పి ఒక్కటే. నిన్న మా పై అంతస్తు పెద్దావిడ వచ్చి, వైఫై పెట్టె పెట్టినప్పటి నుంచి చేతులు తిమ్మిర్లెక్కుతున్నాయంది. నాకు నవ్వు రాలేదు. "మీ తిమ్మిరి నిజమేనండీ, కూర్చోండి," అని, కందిపప్పు డబ్బా కోసం లేచాను.