టోకెన్ మిషన్ మీద అవ్వ బొటనవేలు

ఉట్నూర్‌లోని ఒక చిన్న ఆసుపత్రిలో నేను చేసిన టోకెన్ మిషన్ ఉంది. నిన్న దాని సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాను. ఈ రోజు కొందరికి టోకెన్ రావడం లేదంటే వెళ్లాను.

ఒక అవ్వ తెర మీది బటన్‌ను, రేషన్ షాపులో వేలిముద్ర వేసినట్టే, బొటనవేలితో అదిమిపట్టి నిలబడి ఉంది.

“పత్తి ఏరి ఏరి ఏలు అరిగింది బిడ్డా. గీ మిషన్ గూడ నన్ను గుర్తువడ్తలేదు,” అంది.

“నీ ఏలు మంచిగనే ఉందవ్వా. తప్పు నాది,” అన్నాను.

అలా ఎక్కువసేపు పట్టుకుంటే కొత్త వెర్షన్ దాన్ని నొక్కినట్టు లెక్కలోకి తీసుకోవడం లేదు. తాకగానే టోకెన్ వచ్చేలా అక్కడే సరిచేశాను.

అవ్వ మళ్లీ వేలు పెట్టగానే టోకెన్ వచ్చింది. అవ్వ మాత్రం నేను “తియ్యవ్వా” అనేదాకా వేలు తీయలేదు.

మిషన్ మొరాయిస్తే ముందు తమ వేలినే అనుమానించుకునేవాళ్లు మీ ఇంట్లో ఎవరు?