మూడు కొత్త హోటళ్లు, ఒక ఈతకొలను

2023 జూన్ మొదట్లో నాకు ఉద్యోగ జీవితంలోకెల్లా విచిత్రమైన బాధ్యత అప్పగించారు. అప్పటికి నేను జహీరాబాద్ దగ్గర ట్రాక్టర్లకు గేర్లు చేసి పంపే ఒక కర్మాగారంలో సంక్షేమ అధికారిని. పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఐదు వందలు, అంతకు మించి కార్మికులున్న చోట ఇలాంటి అధికారి ఒకరు ఉండాలని చట్టం చెబుతుంది. క్యాంటీన్, పసిపిల్లల గది, ప్రథమ చికిత్స, కార్మికుల ఫిర్యాదులు, ఇవన్నీ మా పరిధిలోకి వస్తాయి. హోదాలో పర్సనెల్ మేనేజర్ తర్వాతి మెట్టు. నేను యాజమాన్యం మనిషినని కార్మికులు అనుకునేవారు, కార్మికుల మనిషినని యాజమాన్యం అనుకునేది. ఇద్దరూ అలా అనుకుంటున్నారంటే పని సవ్యంగా సాగుతున్నట్టే.

గేర్ కటింగ్ సెక్షన్‌లో అంతకుముందు ఏడాది ఒక్క ప్రమాదమూ జరగలేదు. ఉక్కు బిళ్లలకు పళ్లు కోసే యంత్రాలవి. ఏమరుపాటున చెయ్యి పెడితే వేళ్లు మిగలవు. అలాంటి చోట ఏడాదంతా ఎవరికీ గీత కూడా పడలేదంటే మామూలు సంగతి కాదు. అందుకని మా ప్లాంట్ హెడ్, అంటే కర్మాగారం మొత్తానికి పెద్ద, ఆ సెక్షన్ కార్మికులను కుటుంబాలతో సహా ఒక లగ్జరీ హోటల్లో రెండు రాత్రులు ఉంచాలని నిర్ణయించారు. అప్పుడే మా చుట్టుపక్కల మూడు పెద్ద హోటళ్లు కొత్తగా తెరిచారు. ఒకటి వికారాబాద్ కొండల్లో, ఒకటి బీదర్ దాటాక, ఒకటి హైదరాబాద్ పడమటి వైపున. వాటిలో ఏదో నేను తేల్చాలి.

మొదటి అడ్డు మొగులయ్య దగ్గరే తగిలింది. ఆయన ఆ సెక్షన్‌లో సీనియర్ ఆపరేటర్, వర్క్స్ కమిటీలో కార్మికుల ప్రతినిధి. యాజమాన్యం వైపు నుంచి కొందరు, కార్మికుల వైపు నుంచి కొందరు ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునే సంఘాన్ని వర్క్స్ కమిటీ అంటారు. ఆ బల్ల దగ్గరే ఆయన తేల్చి చెప్పేశాడు.

"మేడం, గీ హోటల్ ముచ్చట బంద్ పెట్టున్రి. కిందటిపారి విందు అని పట్నం తోలుకపోయిన్రు. మా ఆడోళ్లు గోడకానుకొని నిలబడ్డరు. ఏది ఎట్ల తినాల్నో ఎరుక లేక ఉపాసం ఇంటికొచ్చిన్రు. మళ్ల గసొంటి ఇజ్జత్ పోయే పని మాకొద్దు."

ఆయన అన్నది నిజమే. ఆ విందులో నేనూ ఉన్నాను. కమిటీ మాట ప్లాంట్ హెడ్‌కు చేరింది. ఇష్టం లేకపోతే బలవంతం ఎందుకు, అందరికీ తలో గోడ గడియారం ఇచ్చేద్దాం అన్నారాయన. ఫ్యాక్టరీలో ఒకసారి రద్దయిన సదుపాయం మళ్లీ రాదు. అది ముప్పై ఏళ్ల అనుభవం మీద చెబుతున్న మాట. నేను వారం గడువు అడిగాను. హోటళ్లు చూడటానికి ఆ ఇళ్ల ఆడవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్తానని, ఆమె వద్దంటే ఇక ఆ ఊసు ఎత్తనని చెప్పాను.

ఇది విని మొగులయ్య, "అయితే మా ఇంటామెనే తోలుకపోండ్రి" అన్నాడు. ఆమె ఎలాగూ వద్దంటుందని ఆయన ధీమా.

శాంతమ్మ న్యాల్‌కల్ మండలంలో పుట్టిన మనిషి. తల్లివైపు కన్నడం, అత్తవారివైపు తెలుగు, బజారులో ఉర్దూ. కౌలుకు తీసుకున్న అల్లం చేను తనే చూసుకుంటుంది. కంపెనీ జీపులో ఎక్కగానే కిటికీ అద్దం కిందికి దించి, కొంగు నడుముకు చెక్కుకుంది. దారి పొడుగునా ఎవరి చేను ఎట్ల ఉందో చెబుతూనే ఉంది.

కొండల్లోని హోటల్ మా ప్లాంట్ హెడ్‌కు ఇష్టమైనది. మన వాళ్లకు బెరుకు ఉండదు, పల్లె వాతావరణం అని ఆయన నాతో అన్నారు. నాకూ అది సబబుగానే తోచింది. మట్టి గోడలు, పైన గడ్డి కప్పు, లోపల ఏసీ. ముగ్గులు, లాంతర్లు, కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె, సాయంత్రం ఎడ్లబండి షికారు. అక్కడి ఉద్యోగి ఎంతో మర్యాదగా అన్నీ చూపించాడు. శాంతమ్మ అన్నీ చూసింది. ఎడ్ల మెడ మీద చెయ్యి వేసి నిమిరింది. బయటికి వచ్చాక నవ్వు ఆపుకోలేకపోయింది.

"మేడం, ఎడ్లబండి ఎక్కెతందుకు గింత దూరం వస్తమా? రొట్టెలు రోజు నేనే కొడ్త. పొగల కూసొని కండ్లు మండుడు మాకు ఛుట్టీనా?"

బీదర్ దాటాక ఉన్నది రాతి మహల్ లాంటి హోటల్. అందంలో దానికి వంక పెట్టలేం. అయితే అక్కడ అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. పిల్లలు పరుగెత్తకూడదని ఒక బోర్డు కూడా ఉంది. శాంతమ్మ గొంతు తగ్గించి, "ఎవరన్న చచ్చిపోయిన్రా ఏంది?" అని అడిగింది. నేను దగ్గు వచ్చినట్టు నటించాను.

మూడోది హైదరాబాద్‌లో, అద్దాల మేడ. నాకు భయమంతా దాని గురించే. తీరా లిఫ్ట్‌లో పైకి పోతుంటే శాంతమ్మ అద్దానికి ముఖం ఆనించి, కింద చిన్నవైపోతున్న కార్లను చూస్తూ చప్పట్లు కొట్టింది. గదిలో పరుపు మీద కూర్చుని రెండుసార్లు ఎగిరింది. చివరికి మేడ మీదకు తీసుకెళ్లారు. అక్కడ ఆకాశం అంచున నీలంగా ఈతకొలను.

ఆమె చెప్పులు విప్పి, గట్టు మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టింది. మెల్లగా చెప్పింది.

"చిన్నగున్నప్పుడు మా ఊరి బాయిల ఈత కొట్టేదాన్ని మేడం. మొదట మా నాయిన నడుముకు సొరకాయ బుర్ర కట్టి నూకిండు. తర్వాత నన్ను బయటికి గుంజుడే కష్టమాయె. పెండ్లయినంక ఎవరు ఈతకు పోనిస్తరు? గిదే మేడం. గిదే కావాలె."

ఎంపిక అయిపోయింది అనుకున్నాను. కాని కొలను పక్కనే నిబంధనల బోర్డు ఉంది. చీరలు, సల్వార్లు వేసుకుని దిగరాదు. ఈత దుస్తులు తప్పనిసరి. మా ఆడవాళ్లు, అందులోనూ అపరిచిత మగవాళ్ల ముందు, ఆ దుస్తుల్లో దిగరని వేరే చెప్పక్కర్లేదు. శాంతమ్మ బోర్డు చదివించుకుని కాళ్లు నీళ్లలోంచి తీసేసింది. ఫికర్ చేయకండి, పిల్లలు ఆడుకుంటారులే అని నన్నే ఓదార్చింది.

నేను హోటల్ మేనేజర్‌ను కలవాలన్నాను. ముప్పై దాటని అమ్మాయి, వినయంగా మాట్లాడింది. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. నిబంధన అడ్డు వచ్చినప్పుడు మినహాయింపు అడగకూడదు, కారణం అడగాలి. కారణం అడిగాను. నూలు బట్టల పోగులు ఊడి నీళ్లు శుభ్రం చేసే ఫిల్టర్లలో చిక్కుకుంటాయని చెప్పింది. అంటే అభ్యంతరం బట్టకే గాని ఒళ్లు కప్పుకోవడానికి కాదు. మెడ నుంచి మడమ దాకా కప్పే నైలాన్ ఈత దుస్తులు చార్మినార్ వైపు దుకాణాల్లో దొరుకుతాయి. అవి సరేనంది. కొలను ఎప్పుడు ఖాళీగా ఉంటుందని అడిగితే, మంగళవారం పొద్దున ఆఫీసు పనుల మీద వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఎవరూ ఉండరంది. ఆ వేళ తలుపు వేసి ఆడవాళ్లకే వదిలేస్తారా, కాపలాకు ఆడమనిషిని పెడతారా అని అడిగాను. ఆమె ఫోన్ చేసి ఎవరితోనో మాట్లాడి, నవ్వుతూ, "మా అమ్మకు కూడా చెప్తాను మేడం, తను కూడా వస్తుందేమో" అంది.

తిరిగి వచ్చాక క్యాంటీన్‌లో ఆ సెక్షన్ ఇళ్ల ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టాను. నేను మాట్లాడాల్సిన అవసరమే రాలేదు. శాంతమ్మ లేచి లిఫ్ట్ గురించి, పరుపు గురించి, నీళ్ల గురించి చెప్పింది. చెంచాల సంగతి ఏంటని ఒకామె అడిగింది. "చేతులు ఇంట్ల పెట్టి పోతమా? చేతితోనే తింటం" అంది శాంతమ్మ. ఆ మాటతో సభ ముగిసింది. కొత్త తీర్మానం రాసి కమిటీకి పెడితే మొగులయ్య సంతకం చేశాడు. ప్లాంట్ హెడ్ నన్ను పిలిచి, మీకు నమ్మకమేనా అని ఒక్కటే అడిగారు. నమ్మకమే అన్నాను.

ఆ మంగళవారం సన్నగా తుంపర పడుతోంది. ఆడవాళ్లంతా నైలాన్ దుస్తుల్లో ఒకరినొకరు చూసుకుని పడీ పడీ నవ్వుతూ మెట్ల దగ్గర గుంపుగా నిలబడ్డారు. ఎవరూ దిగరు. శాంతమ్మ గట్టు చివరకు నడిచి వెళ్లి, ముక్కు మూసుకుని, దబ్బున దూకింది. కాపలా అమ్మాయి బెదిరి లేచి నిలబడింది. అంతలో శాంతమ్మ అవతలి ఒడ్డున తేలి, ముఖం మీది నీళ్లు తుడుచుకుని, వెల్లకిలా పడుకుని నింపాదిగా ఈదుకుంటూ వచ్చింది. కాపలా అమ్మాయి మళ్లీ కూర్చుంది.

ఆ తర్వాత గోల చెప్పనలవి కాదు. శాంతమ్మ ఒక్కొక్కరి పొట్ట కింద చెయ్యి పెట్టి, "కాళ్లు కొట్టు, కాళ్లు కొట్టు! మునగవు, నేనున్న గద!" అని అరుస్తోంది. రాయికోడ్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ నీళ్లలో నిలబడి వాన చినుకులకు దోసిలి పట్టింది. నన్నూ ఊరుకోనివ్వలేదు. యాభై ఆరేళ్ల వయసులో, మెడ లోతు నీళ్లలో, శాంతమ్మ చేతి మీద నేను మొదటిసారి తేలాను.

తువ్వాలు చుట్టుకుని బయటికి వస్తే తలుపు అవతల మొగులయ్య నిలబడి ఉన్నాడు. హోటల్ వాళ్లిచ్చిన తెల్లటి మెత్తని అంగీ తొడుక్కున్నాడు. దాన్ని పొద్దుటి నుంచీ విప్పలేదట.

"లోపల ఏమైతుంది మేడం? గింత లొల్లి?"

"మీ ఆవిడ అందరికీ ఈత నేర్పుతోంది."

ఆయన నన్ను వింతగా చూశాడు. "శాంతకు ఈతొస్తదా?" అన్నాడు. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది. లోపలి నుంచి మళ్లీ కేకలు, నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుల్లో తన భార్య గొంతు గుర్తుపట్టి ఆయన ముఖమంతా విచ్చుకుంది. "నాకెన్నడు చెప్పలే గదా!" అని తలుపుకు చెవి ఆనించి అక్కడే నిలబడ్డాడు. నేను లిఫ్ట్ ఎక్కేదాకా ఆ చెవి తియ్యలేదు.

సంక్షేమ అధికారి పని, కార్మికులకు తగినది ఏర్పాటు చేయడమని నాకు శిక్షణలో చెప్పారు. చాలా ఏళ్లు అలాగే చేశాను. తగినదేదో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న మా పాఠాల్లో లేదు. ఆ హోటల్ నుంచి వచ్చాక వర్క్స్ కమిటీలో ఒక నిబంధన చేర్పించాను. కుటుంబాల కోసం ఏది ఏర్పాటు చేసినా, ఆ ఇళ్ల ఆడవాళ్లు ముందు వెళ్లి చూడాలి, వాళ్లే ఎంచుకోవాలి. మరుసటి ఏడు వాళ్లు ఎంచుకున్న హోటల్ నాకు ఏమాత్రం నచ్చలేదు. సంతకం పెట్టి పంపించాను.