నీళ్ల మీద పరుపు

ఆ వీధిలో పరుపు చిరిగినా, దిండు ఉండ కట్టినా, సోఫా తొడుగు పిగిలినా పరుపుల పిన్ని దగ్గరికి వెళ్లాల్సిందే. ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా పిన్ని అనే పిలుస్తారు. ఆవిడ కుట్టిన పరుపు మీద పిల్లలు ఎక్కి గంతులేసినా లోపలి దూది చోటు కదలదు. మిగతావాళ్లు మూరకో టాకా వేస్తే పిన్ని జానెడుకో టాకా వేస్తుంది. వేసిన ప్రతి టాకానీ దారం పళ్లతో లాగి మరీ బిగిస్తుంది. "పిన్నీ, నీ పరుపు రాయిలా ఉందే" అని ఎవరైనా సణిగితే, "మెత్తగా కావాలంటే మబ్బుల మీద పడుకో, పో" అని పంపేస్తుంది. నోరు అలాంటిది. పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు.

ఆవిడ భర్త సరంగు. ఊరికీ ఏటి అవతలి ఒడ్డుకీ మధ్య పడవ నడిపేవాడు. రేవులో నిలబడి ఒక కేక పెట్టాడంటే, సందు మలుపులో ఉన్నవాడు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు. అలాంటిది ఏటి మీద వంతెన కట్టారు. తెరిచిన రోజున ఊరంతా దాని మీద అటూ ఇటూ నడిచి సంబరపడింది. పిన్ని కూడా నడిచింది, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదనుకోండి. మర్నాటి నుంచి పడవ ఎక్కే నాథుడు లేడు. సరంగు పడవని రేవులో కట్టేసి ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆ కూర్చోవడం కూర్చోవడమే.

సైకిలు షాపు పైన ఒకటే గది వాళ్లది. అందులోనే మంచం, పొయ్యి, కుట్టుమిషను, గోడవారన దూది బస్తాలు. వెలుతురు వచ్చేది ఆ ఒక్క కిటికీలోంచే, దానికి అడ్డంగా సరంగు వీపు. ఏం అడిగినా ఊఁ, ఊహూఁ తప్ప మాట లేదు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని పొద్దస్తమానం ఏటికేసి చూస్తాడు. "కాస్త బజారుకెళ్లి దారం ఉండలు పట్రండి" అన్నా కదలడు. దారిలో జనం ఎదురుపడి జాలిపడతారని భయం. పిన్ని కొన్నాళ్లు ఊరుకుంది, కొన్నాళ్లు బతిమాలింది, తర్వాత గిన్నెలు విసిరికొట్టింది. దేనికీ చలనం లేదు. పైకి కోపం చూపిస్తోంది గానీ, లోపల ఆవిడకి బెంగ పట్టుకుంది. నవ్వుతూ నవ్విస్తూ తిరిగిన మనిషి కళ్లెదుటే అలా అయిపోతే ఎవరికి మాత్రం ఉండదు?

ఇది చాలదన్నట్టు ఒకరోజు హోటలు ఆసామి మెట్లెక్కి వచ్చాడు. బస్టాండు పక్కన కొత్త హోటలు కట్టాడాయన. గేటు ముందు పెట్టడానికి పాత పడవ కావాలట. అందులో మట్టి పోయించి పూలమొక్కలు నాటిస్తాడట.

"చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది సరంగూ" అన్నాడు.

సరంగు తల కూడా తిప్పకుండా, "తీసుకెళ్లండి" అన్నాడు.

"వానలు వెనకబట్టాక లారీ తెస్తాను" అని ఆసామి చక్కా పోయాడు.

పడవ పోతే ఈ మనిషి ఇక ఆ కిటికీ దగ్గర్నుంచి లేవడని పిన్నికి అర్థమైపోయింది. వానలు తగ్గేలోపు ఆయన్ని ఎలాగైనా పడవెక్కించాలి. ఎలా ఎక్కించడం? ఎక్కి ఎక్కడికి వెళ్లమని చెప్పడం? ఎక్కడికి వెళ్లాలన్నా వంతెన ఉందాయె.

వంతెనతోపాటు ఏట్లో ఇంకో వింత కూడా పుట్టుకొచ్చింది. పైనున్న ఊళ్లవాళ్లు పారేసిన నీళ్ల సీసాలు, తెగిన చెప్పులు, కవర్లు, థర్మోకోల్ ముక్కలు, ఏ పిల్లాడిదో చక్రాల్లేని బొమ్మకారు, అన్నీ కొట్టుకొచ్చి నడిమి స్తంభాల దగ్గర ఆగిపోయాయి. వాటి సందుల్లో గుర్రపుడెక్క అల్లుకుంది, మట్టి చేరింది, గడ్డి మొలిచింది. ఎవరూ కట్టకుండానే ఒక లంక తయారైంది. జనం దానికి చెత్త లంక అని పేరు పెట్టారు. వంతెన మీద నిలబడి ముక్కు మూసుకుని దాన్ని చూసి, ఛీఛీ అనుకుని, చేతిలో ఉన్న ఖాళీ సీసా దాని మీదికే విసిరేసి వెళ్లేవారు. మన జనం సంగతి తెలిసిందే కదా.

ఒక పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తున్న పిన్నికి ఆ చెత్త లంక మీద కొంగలు బారుగా నిలబడి కనిపించాయి. ఆవిడ చేతిలో తడి చొక్కా చేతిలోనే ఉండిపోయింది. చెత్త మీద కొంగలు నిలబడగా లేంది, శుభ్రమైన సీసాల మీద మనుషులు కూర్చోలేరా? ఏటి నడుమ అలాంటి చోటు ఒకటుంటే చల్లగాలికి జనం వెళ్దామనుకుంటారు. వంతెన ఎక్కితే అక్కడికి వెళ్లలేరు. లంకకి వెళ్లాలంటే పడవ కావాలి. పడవకి సరంగు కావాలి. పిన్ని ఆ చొక్కాని బకెట్లో పడేసి, తిన్నగా మరిది నడిపే పాత సామాన్ల కొట్టుకి వెళ్లింది.

"నీ దగ్గరున్న నీళ్ల సీసాలన్నీ నాకు కావాలోయ్" అంది.

"దేనికి వదినా?"

"పరుపు కుడతాను."

"సీసాలతోనా? పడుకున్నవాడి నడుం విరుగుతుంది."

"పడుకోవడానికి కాదు, ఏటి మీద పరవడానికి."

మరిది ఆవిడ మొహంలోకి పరీక్షగా చూశాడు. "అన్నయ్యతో వేగలేక నీకు మతిపోయినట్టుంది" అన్నాడు. అన్నాడే గానీ, ఆ సాయంత్రమే బస్తాలు మోసుకొచ్చి మేడ మీద పడేశాడు. వదిన మాట కాదనే ధైర్యం అతనికి ఏనాడూ లేదు.

పిన్ని లారీల మీద కప్పే టార్పాలిన్లు పాతవి తెప్పించింది. గదిలో మిషను మీద వాటిని పెద్ద సంచుల్లా కుట్టి, మేడ మీద వాటిలో మూత బిగించిన సీసాలు నింపింది. మళ్లీ కిందికి తెచ్చి, సరంగు వీపు వెనకాలే కూర్చుని, లావు సూదితో టాకాలు వేసింది. సంగతి వీధిలో పొక్కాక ఎవరింట్లో సీసా ఖాళీ అయినా పిన్ని మెట్ల మీదికి వచ్చి పడేది. "ఏం కుడుతున్నావు?" అని సరంగు ఒక్కనాడూ అడగలేదు. అడిగితే బాగుండునని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయేది. చివరికి ముక్కలన్నీ మేడ మీద కలిపి కుట్టాక ఇంత పరుపు అయింది. జానెడు జానెడుకీ టాకా, ఎక్కడా ముడత లేదు. తాను పుట్టి బుద్ధెరిగాక ఇంత గొప్ప పరుపు కుట్టలేదని పిన్ని మురిసిపోయింది.

సెలవు రోజున వీధంతా కలిసి దాన్ని మేడ మీదినుంచి తాళ్లతో దించి, ఊరేగింపులా రేవుకి మోసుకెళ్లి నీళ్లలోకి తోశారు. పరుపు దర్జాగా తేలింది. చప్పట్లు కొట్టారు. మరిది ఎగిరి దాని మీదికి దూకి, "వదినా, నువ్వు సామాన్యురాలివి కాదు" అని అరిచాడు. సరిగ్గా అప్పుడే ఇసుక పడవ ఒకటి ఇంజను చప్పుడు చేసుకుంటూ పక్కనుంచి వెళ్లింది. దాని వెనకే అల వచ్చింది. పరుపు అలతోపాటు వంగి ఉంటే సరిపోయేది. వంగలేదు. బిగుసుకుని నిలబడింది. టాకాల వరస వెంబడి టార్పాలిన్ ఈ కొసనుంచి ఆ కొసకి పర్రున పిగిలిపోయింది. లోపలి సీసాలు బిలబిలమంటూ బయటికొచ్చి, మరిదిని నీళ్లలో వదిలేసి, వంతెన వైపు దారి పట్టాయి.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. పిన్నికి తల కొట్టేసినట్టయింది. పమిట కొంగు నోట్లో కుక్కుకుని అలా నిలబడిపోయింది.

"ఆ తాడు వదలకండి! కింది కొస పట్టుకోండి!"

అందరూ తలలెత్తారు. కిటికీలోంచి సగం బయటికి వంగి సరంగు అరుస్తున్నాడు. చాలాకాలం మూతపడ్డ గొంతు, బొంగురుగా ఉన్నా రేవంతా వినిపించింది. మరుక్షణం కిటికీలో మనిషి లేడు. మెట్లు దడదడలాడాయి. చెప్పులు కూడా వేసుకోకుండా సరంగు వచ్చి పడవ కట్టు విప్పి, జాలిపడేవాళ్లూ నవ్వేవాళ్లూ ఎవరున్నారో కూడా చూసుకోకుండా ఏట్లోకి తోసుకుపోయాడు. మరిదిని జుట్టు పట్టుకుని పడవలోకి లాగాడు. సీసాల్ని వలతో చుట్టి తెచ్చాడు. ఒడ్డుకి రాగానే పిన్ని మీద విరుచుకుపడ్డాడు.

"నీళ్ల మీద వేసేదాన్ని ఎవరైనా అంత బిగించి కుడతారా?"

పిన్నికి ఏడుపు పోయి రోషం వచ్చింది. "నా పరుపు పిగిలిందని ఇన్నేళ్లలో ఎవరైనా అన్నారా?"

"మంచం కదలదు. ఏరు కదులుతుంది. ఎక్కు, చూపిస్తాను."

సరంగు పెళ్లామే అయినా పిన్నికి నీళ్లంటే చచ్చేంత భయం. పెళ్లైన కొత్తలో ఒక్కసారి పడవెక్కి, దిగేదాకా కళ్లు తెరవలేదు. కానీ ఇన్నాళ్లకి నోరు తెరిచిన మనిషి ఎక్కమంటుంటే ఎక్కనని ఎలా అంటుంది? రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని కూర్చుంది. సరంగు ఆవిణ్ణి తిన్నగా చెత్త లంక దగ్గరికి తీసుకెళ్లాడు. కంపు కొడుతోంది. ఆయన మాత్రం సొంత పెరడు చూపించినట్టు చూపించాడు.

"చూడు, అల వస్తోంది. ఈ కొస లేచింది, నడుం లేచింది, ఆ కొస లేచింది. దీన్ని ఎవరూ కుట్టలేదు. అన్నీ ఒకదాన్నొకటి ఊరికే పట్టుకుని ఉన్నాయి. వదులుగా ఉంది కాబట్టే వరదొచ్చినా చెక్కుచెదరలేదు."

"రోజంతా వంతెనని చూసి కుళ్లుకుంటూ కూర్చున్నారనుకున్నాను. దీన్నా చూస్తున్నది?"

"వంతెన ఏం చేస్తుంది, చూడ్డానికి? ఇదే నయం, రోజుకో రకంగా ఉంటుంది" అని సరంగు తెడ్డుతో గడ్డి పక్కకి తప్పించాడు. అందులో నీటికోడి పొదుగుతోంది. "ఈ మూల జోలికి మాత్రం పోకూడదు. మిగతా సీసాలన్నీ మనవే. నువ్వు పరుపు కుట్టకు. దిళ్లు కుట్టు. వాటిని వదులుగా నేను కడతాను."

పిన్నికి వదులుగా పని చేయడం చేతకాదు. ఆ మాటకొస్తే చేతకాదని ఒప్పుకోవడం అంతకన్నా చేతకాదు. దిండు కుట్టి ఇవ్వడం, "ఇంత బిగువైతే ఎలా?" అని ఆయన విప్పడం, "దారం ఊరికే వస్తుందా?" అని ఈవిడ లేవడం, రేవులో రోజూ ఇదే గోల. వీధికి మంచి కాలక్షేపం దొరికింది. చెత్త లంక నీటికోడి మూల తప్ప తరిగిపోయింది, రేవుకి ఎదురుగా దిళ్ల లంక పెరిగింది. అడుగున రాళ్ల లంగరు వేసి, పైన వెదురు తడికలు పరిచి, రెండు బల్లలు వేశారు. చదరంగం ఆడుకునే ముసలాళ్లు మొదట వెళ్లారు. ఆ తర్వాత వంతెన మీద నడిచేవాళ్లు కూడా దిగొచ్చి రేవులో వరస కట్టారు. సరంగు కేక మళ్లీ సందు మలుపు దాకా వినిపించసాగింది.

అయినా పిన్నికి కంటిమీద కునుకు లేదు. వానలు వెనకబట్టాయి. పడవ సంగతి ఆయన ఎత్తడం లేదు. ఇచ్చిన మాట మీద నిలబడే రకం ఆయన. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఆవిడ అడగలేదు.

లారీ రానే వచ్చింది. హోటలు ఆసామి రేవులో దిగి పడవేదని చూస్తే, అది జనంతో ఏటి మధ్యలో ఉంది. పిన్ని రేవు మెట్ల మీద నిలబడి చూస్తోంది. సరంగు తాపీగా ఒడ్డుకొచ్చి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దింపి, ఆసామికి దణ్ణం పెట్టాడు.

"నేను ఇవ్వలేనండి. మాటిచ్చాను, తప్పు నాదే. ఆ వేళ నా నోరొక్కటే పనిచేస్తోంది, బుర్ర పనిచేయడం లేదు. క్షమించండి."

"మరి నా పూలమొక్కలో?"

"తొట్లు కొనుక్కోండి. మీరు ఎక్కండి, లంకకి తిప్పుతాను. ఇంత దూరం వచ్చారు."

ఆసామి కాసేపు మొహం గంటు పెట్టుకున్నాడు, కాసేపు లారీ బాడుగ ఎవడిస్తాడని రుసరుసలాడాడు, చివరికి ప్యాంటు మడిచి పడవెక్కాడు. పిన్ని మెట్ల మీదే హాయిగా చతికిలబడింది.

సాయంత్రం జనం పలచబడ్డాక సరంగు ఆవిణ్ణి ఎక్కించుకుని లంక చుట్టూ తిప్పాడు. ఒక చేత్తో అంచు పట్టుకుని, ముడులు ఒరుసుకుంటున్నాయేమోనని పిన్ని వంగి చూస్తోంది.

"ఒకటి చెప్తాను, కోప్పడకూడదు" అన్నాడు.

"కోప్పడే మాటైతే కోప్పడతాను."

"నీ మొదటి పరుపు పిగులుతుందని నాకు ముందే తెలుసు. నా వెనకాలే కదా కుట్టావు. దారం పళ్లతో లాగుతుంటే వినపడేది. ఇంత బిగిస్తే ఇది నిలవదు అనుకునేవాణ్ణి."

"మరి చెప్పడానికేం? ఊరందరి ముందూ నగుబాటు చేశారు కదా!"

సరంగు తెడ్డు ఒళ్లో పెట్టుకున్నాడు. "చెప్తే ఆపేస్తావేమోనని. నేను ఇక ఎవరికీ అక్కర్లేదనుకుని కూర్చున్నానా, వెనకాల నువ్వు పొద్దుగూకులూ నాకోసం కుడుతూ ఉన్నావు. ఆ చప్పుడు ఆగిపోకూడదనిపించింది."

"మీకోసమని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా? నీళ్లంటే హడలిపోయేదానివి, ఏటి మీద పరుపు ఇంకెవరికోసం కుడతావు?"

పిన్ని దోసెడు నీళ్లు తీసి ఆయన మొహాన కొట్టింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది, ఏడుస్తుంటే నవ్వొచ్చింది, ఏది ఆపాలో తెలియక రెండూ కానిచ్చింది. ఇంత సంతోషం తనకి ఎన్నడూ కలగలేదనిపించింది ఆవిడకి. సరంగు మొహం తుడుచుకుని, ఇక ఇంటికెళ్దామని పడవని రేవు వైపు మళ్లించబోయాడు.

"అప్పుడేనా?" అంది పిన్ని. "ఇంకో చుట్టు తిప్పండి."