జోడీల లెక్క

ఆ స్కూలు బస్సులో ఆయమ్మంటే పిల్లలకు ప్రాణమూ, హడలూ. పద్నాలుగేళ్లుగా అదే బస్సు, అదే తలుపు. మొదట్లో ఆవిడ భర్త నడిపేవాడు. ఆయన పోయాక మరిది స్టీరింగు పట్టుకున్నాడు. వదిన నోరు తెరిస్తే ఇక హారను అక్కర్లేదని అతని వేళాకోళం. "నీ హారను పనిచేస్తే నాకీ గొంతు చించుకోవడం ఎందుకురా?" అనేది ఆవిడ.

బడి మొహం ఎరగని మనిషి. పిల్లల తలలు లెక్కపెట్టబోతే, వెధవలు సీట్ల మీద గెంతుతూ ఒకసారి ముప్పై ఎనిమిదీ, ఇంకోసారి నలభై రెండూ తేలేవారు. అందుకని సొంత పద్ధతి పెట్టుకుంది. బస్సు కదిలేముందు "జోడీలు?" అని కేకేస్తుంది. ప్రతివాళ్లూ పక్కన కూర్చున్న జోడీ చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. ఒంటి చెయ్యి కనిపించిందా, ఎవరో రాలేదన్నమాట. ఇన్నేళ్లలో ఒక్క పిల్లను వదిలేసి వస్తే ఒట్టు! ఆ సంగతి కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

ఏడాది మధ్యలో నాలుగో తరగతిలో ఓ పిల్ల చేరింది. మంచి పిల్లే. ఒకటే జబ్బు, ఎవరు కనపడితే వాళ్లతో స్నేహం చేసెయ్యాలని. పెన్సిలిస్తానంటుంది, హోంవర్కు రాసిపెడతానంటుంది. వెనక సీటు ఆడపిల్లలకు లోకువైపోయింది. అక్కడ రింగుల జుట్టు పిల్లది పెత్తనం. అదే ఈ పిల్లకు "జిగురు" అని పేరు పెట్టింది. ఏ సీటు దగ్గరికెళ్లినా "ఇక్కడ మనిషొస్తారు" అని బ్యాగు అడ్డం పెట్టేవారు. పెన్సిళ్లు మాత్రం పుచ్చుకునేవారు, సిగ్గులేకుండా.

ఆయమ్మకు ఒళ్లు మండింది. "ఏమే, బస్సు మీ తాత కొన్నాడా?" అని అందరినీ దులిపేసింది. తిట్లు తిన్నది వాళ్లు, అనుభవించింది ఈ పిల్ల. మర్నాటినుంచి పలకరింపు కూడా పోయింది.

"పోనీలే తల్లీ, నువ్వు నా జోడీవి. నా పక్కన కూర్చో" అంది ఆయమ్మ. పిల్ల కూర్చుంది గానీ, మెడ మాత్రం ఎప్పుడూ వెనక సీటు వైపే తిరిగి ఉండేది.

ఓ సాయంత్రం బడి వదిలేసరికి కుండపోత. వెనక కిటికీల అద్దాలు బిగుసుకుపోయి లోపలికి జల్లు కొడుతోంది. ఆయమ్మ తన సీటు మీద తడిసిన బ్యాగులన్నీ పోగుపోసి, వెనక్కి వెళ్లి అద్దాలతో కుస్తీ పడుతోంది.

"వదినా, రోడ్డు మునిగిందంటే రాత్రంతా ఇక్కడే! కానీ, కానీ!" అని మరిది అరిచాడు.

అక్కడినుంచే "జోడీలు?" అంది. చేతులన్నీ జంటలుగా లేచాయి. "పోనియ్!" అంది. అందరి జోడీలనూ అడిగిన మనిషి, తన జోడీ సంగతి మర్చేపోయింది.

మూడో స్టాపులో ఆ పిల్ల తాత గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మా మనవరాలేదమ్మా?"

ఆయమ్మ గిరుక్కున తన సీటు వైపు తిరిగింది. సీటు మీద బ్యాగులే ఉన్నాయి. "ఆ పిల్లను ఎవరైనా చూశారర్రా?"

"చూశాంగా" అంది రింగుల జుట్టు పిల్ల, గోరు కొరుక్కుంటూ. "బస్సు వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చింది. చెయ్యి కూడా ఊపింది."

"చూసి నోరు మూసుక్కూర్చున్నావా?"

"అది నీ జోడీ కదా ఆయమ్మా. నువ్వు మమ్మల్ని అడగలేదుగా."

ఆయమ్మ చెయ్యి లేచింది, మళ్లీ దిగింది. కొట్టడానికి మొహం చెల్లలేదు. "ఇక్కడే ఉండు బాబాయ్, ఇట్టే తీసుకొస్తాం" అని తాతకు చెప్పి, బస్సు వెనక్కి తిప్పించింది.

పిల్ల బడి గేటు పక్కన వాచ్‌మన్ రేకుల షెడ్డు కింద ఉంది. ఒళ్లంతా ముద్దగా తడిసిపోయింది, మోకాలు గీరుకుపోయింది. ఆయమ్మను చూడగానే ఏడవలేదు.

"ఆయమ్మా, నేను బస్సులో లేనని ఎవరు చెప్పారు? వాళ్లేనా?" అని ఆత్రంగా అడిగింది.

'నేనే మర్చిపోయానే తల్లీ' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మొహంలో ఆశ చూసి మింగేసింది. తన తప్పు కూడా అందులో మరుగున పడిపోతుందని తోచింది. అదీ నిజమే, దాచడమెందుకు!

"వాళ్లేనే. వెనక సీటు వాళ్లే బస్సు తిప్పమని గోల పెట్టారు."

అంతే. పిల్ల బస్సెక్కి, నీళ్లు కారుకుంటూ తిన్నగా వెనక్కి పరిగెత్తింది. "థాంక్సే! మీరే బస్సు తిప్పించారటగా!"

వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

"మేమా?" అంది రింగుల జుట్టు పిల్ల. "నీకోసమా? ఎవరు చెప్పారే?"

"ఆయమ్మ."

వెనక సీటంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. ఎందుకో తెలియని ముందు సీట్ల పిల్లకాయలు కూడా నవ్వారు. "నోరు ముయ్యండి!" అని ఆయమ్మ అరిచింది గానీ ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు.

పిల్ల మెల్లగా ముందుకు నడిచి వచ్చింది. ఆయమ్మ బ్యాగులన్నీ గబగబా కిందికి తోసి, సీటు చేత్తో తుడిచి, "రా తల్లీ, కూర్చో" అంది.

"నువ్వు కూడా నన్ను ఆటపట్టిస్తావా ఆయమ్మా?"

తాత ఉన్న స్టాపు వచ్చేదాకా ఆ పిల్ల తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది.